నీళ్లు పెట్టే ముందు

బిడ్డా సరితా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి విషయం చెప్పింది. మీ ఫ్యాక్టరీలో సున్నపురాయి తీసి వదిలేసిన పాత క్వారీ, దాని చుట్టూ ఉన్న కంప, గడ్డి కలిపి 60 ఎకరాలు జంతువులకు, పిట్టలకు వదిలేద్దామని పైవాళ్లను ఒప్పించావట. ఏ నోటీసూ రాకుండా, ఎవరూ అడగకుండా ఒక కంపెనీ చేత ఆ మాట అనిపించడం చిన్న పని కాదు. ఫారెస్టు డిపార్టుమెంటులో నేను ఉద్యోగమంతా జరిమానాలు రాసి, కేసులు పెట్టి చేయించిన పనిని నువ్వు మాటతో చేయించావు. మీ తాత బతికి ఉంటే ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు.

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ ఎండకాలమే నీళ్ల తొట్లు కట్టించి ట్యాంకర్లతో నింపిస్తావట. అది విన్నప్పటి నుంచి నాకు మనసు నిమ్మళంగా లేదు.

తెలిసినవి తొందరగా చెప్పేస్తా. ప్లాస్టిక్ ఏరించు, వేట నేరమని బోర్డులు పెట్టించు, ఫారెస్టు రేంజ్ ఆఫీసులో ముందే ఒక కాగితం ఇచ్చి ఉంచు. 'ఇది మనకెందుకు' అని ఆఫీసులో ఎవరైనా అంటే ముంబయి విక్రోలిలో గోద్రెజ్ వాళ్లు తమ భూమిలోని మడ అడవుల్ని కాపాడుతున్న సంగతి చెప్పు. అమెరికాలో కంపెనీల స్థలాల్లో ఇలాంటి పని చేయించడానికే 1988లో వైల్డ్‌లైఫ్ హ్యాబిటాట్ కౌన్సిల్ అని ఒక సంస్థ పెట్టారు. నువ్వు అడిగింది వింత కోరికేం కాదు.

మొదటి ఏడాది ఒక్క మొక్క కూడా నాటించకు. ఫొటోలో పచ్చగా కనిపించాలని మీ పెద్దసార్లకు ఉంటుంది, గట్టిగా కాదను. ఆ గులకరాళ్ల నేల మీదే తీతువు పిట్ట గుడ్లు పెడుతుంది, రాయికీ గుడ్డుకూ తేడా తెలియదు. జేసీబీ ఒక్కసారి తిరిగితే ఆ ఏటి పిల్లలు లేనట్టే. నెమలి వానాకాలంలో రేగు పొదల కింద నేల మీదే పొదుగుతుంది. పసిరిక పిట్ట మట్టి గోడకు బొక్క చేసుకుంటుంది. క్వారీ నిటారు గోడల్లో ఎక్కడో పెద్ద గుడ్లగూబ ఉండే ఉంటుంది, చలికాలం నుంచి ఎండల దాకా దానికి గుడ్లు, పిల్లల కాలం. సేఫ్టీ వాళ్లు ఒప్పుకున్నంత మేర ఆ గోడల్ని అలాగే ఉంచు. గూడు కనిపిస్తే ఫొటో తీసి గ్రూపుల్లో మాత్రం పెట్టకు. గుడ్లగూబను క్షుద్రపూజల కోసం పట్టుకుపోయేవాళ్లు ఇంకా ఉన్నారు.

సర్కారు తుమ్మ పీకించేయాలని నీకు తొందర ఉంటుంది. పీకించు, కానీ ఒకేసారి వద్దు. ఇప్పుడు కుందేలుకు, కౌజు పిట్టకు ఉన్న నీడ అదే. ఏటా ఒక ముక్క తీసి, ఆ జాగాలో రేగు, కలివి, మోదుగ, మేడి లాంటి మన చెట్లు లేచేదాకా ఆగు. బయటి దేశాల నుంచి తెచ్చిన కోనోకార్పస్ చెట్టు ఊసే ఎత్తకు.

ఇక నీళ్ల సంగతి. కొంచెం ఓపికగా చదువు.

నేను కృష్ణా ఒడ్డు వైపు పనిచేస్తున్నప్పుడు అక్కడి ఒక ఫ్యాక్టరీకి కొత్త మేనేజర్ వచ్చాడు. పేర్లు వద్దు. మనసున్న మనిషి. మార్చిలో నెమళ్లు కాలనీ నల్లాల దగ్గరికి రావడం చూసి తట్టుకోలేక, మైనింగ్ భూమి అంచున సిమెంటు తొట్లు కట్టించాడు. రెండు రోజులకోసారి ట్యాంకరు. నేనే వెళ్లి మెచ్చుకొని వచ్చాను, పేపర్లో కూడా వేశారు. మొదట నెమళ్లు, కుందేళ్లు, నక్కలు వచ్చాయి. తర్వాత అడవిపందులు. తాగడానికి నీళ్లు, పొర్లడానికి బురద, దాక్కోవడానికి కంప ఉంటే పంది ఇంకెక్కడికి పోతుంది? ఈతకు నాలుగైదు పిల్లలు. రెండేళ్లు తిరిగేసరికి మందలు తయారయ్యాయి.

ఆ తర్వాత ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయింది. సిమెంటు ధర పడిపోయి ఫ్యాక్టరీ కొన్నాళ్లు మూతపడింది. ఖర్చులు కోసినప్పుడు ముందు తెగేది ఇలాంటి ట్యాంకరే. నడి మే నెలలో నీళ్లు ఆగిపోయాయి. కొత్తగా వచ్చినాయనను అడిగితే, "అది రూల్లో ఉన్న పని కాదండి, మేము ఇష్టపడి చేసింది" అన్నాడు. అబద్ధం కాదు. చేయాలని ఏ చట్టమూ చెప్పలేదు, ఆపొద్దని కూడా చెప్పలేదు.

పందులు తడి ఎక్కడుంటే అక్కడికి పోయాయి. తడి ఉన్నది పక్క ఊరి బోర్ల కింద, పల్లికాయ చేలల్లో. ఒక్క రాత్రిలో ఎకరం దున్నినట్టు చేసేవి. రైతులు నా దగ్గరికి వచ్చారు, ఫ్యాక్టరీకి పోయారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక రైతు చేను చుట్టూ బైండింగ్ వైరు కట్టి కరెంటు పెట్టాడు. అప్పట్లో వ్యవసాయానికి 24 గంటల కరెంటు లేదు, తెలంగాణలో అది 2018 జనవరి 1 నుంచే కదా వచ్చింది. రాత్రి ఎప్పుడు లైను వస్తే అప్పుడు పోయి మోటారు వేయాలి. పక్క చేను పిల్లవాడు అలా మోటారు వేయడానికి పోయి ఆ తీగ తొక్కాడు. వాడికి నీ వయసు కూడా లేదు. చనిపోయిన పందిని చూడటానికని పిలిస్తే పోయిన నాకు, పందికి నాలుగడుగుల దూరంలో వాడు కనిపించాడు.

కేసు రైతు మీద పడింది. తీగ ఆయనే పెట్టాడు కాబట్టి పడాల్సిందే. కానీ ఆ పందుల్ని పిలిచింది తొట్టిలో నీళ్లు, చేను మీదికి తోలింది ఆగిపోయిన ట్యాంకరు. నువ్వు ఇంత మంచి పని తలపెడితే నేను ఇది రాస్తున్నానని బాధపడకు. ఆ పిల్లవాడి తల్లి నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది.

కాబట్టి ట్యాంకరు నీళ్లు పెట్టొద్దు. క్వారీ గుంతలో వాన నీళ్లు ఎలాగూ నిలుస్తాయి. ఒక వైపు గట్టు చెక్కించి, పడిన జీవి ఎక్కి రాగలిగేలా వాలుగా చేయించు. నిటారుగా ఉంటే అది నీళ్ల గుంత కాదు, చావు గుంత. ఎండకాలంలో ఆ నీళ్లు తగ్గితే తగ్గనీ, ఆ నేలలో ఎన్ని జీవాలు బతకగలవో అన్నే ఉంటాయి. నల్లగొండ బిడ్డవు, ఫ్లోరైడ్ సంగతి నీకు చెప్పక్కర్లేదు, ఆ నీళ్లు ఒకసారి టెస్టు చేయించు. వానలు పూర్తిగా మొహం చాటేసిన ఏడు తొట్టి పెట్టక తప్పకపోతే, చేల గట్లకు దూరంగా, చిన్నది పెట్టు. పెట్టాక జూన్ వానలు పడేదాకా ఆపొద్దు.

రెండోది, ఈ పనిని నీ ఉద్యోగానికి ముడిపెట్టకు. నువ్వు రేపు పెళ్లి చేసుకొని హైదరాబాదు పోవచ్చు, ప్రమోషన్ మీద ఇంకెక్కడికో పోవచ్చు. గనుల్ని చూసే కేంద్ర సంస్థ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కు మీరు ఇచ్చే మైన్ క్లోజర్ ప్లాన్‌లోనే, అంటే తవ్వడం అయ్యాక ఆ నేలను ఏం చేస్తారో రాసే కాగితంలోనే, ఈ 60 ఎకరాల్ని మ్యాపుతో సహా రాయించు. అందులోకి ఎక్కితే తర్వాత వచ్చినవాళ్లు ఇష్టం వచ్చినట్టు వదిలేయలేరు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు మైనింగ్ అయిపోయిన నేలలో మళ్లీ గడ్డి పెంచి మేతకు పనికొచ్చేలా చేయాలని చెప్పింది. అది చూపించి అడుగు. చట్టప్రకారం ఫ్యాక్టరీ చుట్టూ పెంచాల్సిన చెట్ల పట్టీని, అదే గ్రీన్‌బెల్టును, దీంట్లో కలిపి చూపిద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకు.

అక్కడ గొర్లు మేపుకునే గొల్ల కురుమలను అడగకుండా కంచె వేయించకు. ఏ పొద కింద ఏముందో నీ డ్రోన్ కంటే వాళ్లకు బాగా తెలుసు. మేత దారి మూసేస్తే ఎండకాలంలో ఆ గడ్డికి ఎవరు నిప్పు పెట్టారో కూడా నీకు తెలియదు. వంతుల వారీగా ఒక్కో ముక్కలో మేపుకోనివ్వు. అన్నట్టు, క్యాంటీన్ ఎంగిలి ఎక్కడ పారేస్తున్నారో చూడు. దానికి మరిగిన కుక్కలు నెమలి పిల్లల్ని, కుందేళ్లను బతకనీయవు.

ఇంకొకటి, కోప్పడుతున్నానని అనుకున్నా సరే. చీకటి పడ్డాక చేల గట్ల వెంట నడవకు. తీగలు ఇప్పటికీ పెడుతున్నారు. గడ్డిలో రక్తపింజర ఉంటుంది, బూట్లు లేకుండా దిగకు. ఒక్కదానివే అసలు పోకు, వాచ్‌మన్‌ను వెంట తీసుకుపో. చిన్నప్పుడు నాతో జీపులో దేవరకొండ గుట్టలకు వచ్చి, దిగమంటే దిగకుండా ఏడ్చిన పిల్లవు, ఇప్పుడు ఆపితే ఆగవని తెలుసు. అయినా చెప్తా.

ట్యాంకరుకు ఆర్డరు ఇచ్చి ఉంటే రేపే ఆపించి నాకు ఫోన్ చెయ్యి. సర్వే మ్యాపు, చుట్టూ ఉన్న పట్టా భూముల వివరాలు తీసి ఉంచు. సంక్రాంతి కాగానే వస్తా, ముందు ఆ పక్క ఊరి రైతులతో కూర్చుని మాట్లాడదాం.

మీ మామయ్య