‘ఈడ లేనిది ఆడేముంది?’: విదేశీ చదువులపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నా. క్లాసులో సగం మంది ఎమ్మెస్ అంటూ జీఆర్ఈ ప్రవేశ పరీక్ష పుస్తకాలు పట్టుకున్నారు. నేనూ పోతానంటే మా నాయన అడిగేది ఒకటే: ‘ఈడ లేనిది ఆడేముందిరా?’ ఏం చెప్పాలో తోచడం లేదు.
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: మీ నాయన అడిగిందే రేపు వీసా కౌంటర్లో కూడా అడుగుతారు. కాబట్టి జవాబు ఇప్పుడే వెతుక్కోండి. ‘అందరూ పోతున్నారు’ అన్నది కారణం కాదు. ‘ఇక్కడ ఉద్యోగాల్లేవు’ అన్నది ఊరు వదలడానికి కారణం కావచ్చు గానీ, ఫలానా కోర్సు చదవడానికి కాదు.

ఒక పని చేయండి. మీరు అనుకుంటున్న యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఆ కోర్సు సబ్జెక్టుల జాబితా తీయండి. మీరు తీసుకోబోయే నాలుగు సబ్జెక్టులు కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ఎవరు చెబుతారు, ల్యాబ్ ఉందా, దానికి ముందు చదివి ఉండాల్సినవి మీరు చదివారా అన్నది రాయండి. నాలుగింటిలో మూడు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) ఉచితంగా దొరికేవే అయితే అప్పు సంగతి మళ్ళీ ఆలోచించుకోవాలి. అలాకాక, థీసిస్ చేసే వీలుందా, ప్రొఫెసర్ ల్యాబ్‌లో పనిచేసే అవకాశం ఉందా, ఇక్కడ అసలు చెప్పని సబ్జెక్టా, బ్రాంచి మారే వీలుందా... వీటిలో ఒక్కటి గట్టిగా దొరికినా ఆ కారణం నిలబడుతుంది.

అప్పు లెక్క కూడా నాయన ముందే వేయండి. 40 లక్షలు, 10.5 శాతం వడ్డీ, పదేళ్ళ గడువు అనుకుంటే నెలకు కంతు సుమారు 54 వేలు. చదువుతున్నన్నాళ్ళూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. డబ్బు సెమిస్టరు వారీగా ఇస్తారు కాబట్టి మొదటి రోజు నుంచే మొత్తానికి వడ్డీ పడదు, అంతే.

అమెరికాలో డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి కింద 12 నెలలు పనిచేయవచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్టెమ్ అవునా కాదా అన్నది కోర్సు పేరుతో తేలదు, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్‌తో (కోర్సు ఏ వర్గానిదో చెప్పే అంకె) తేలుతుంది. ‘అనలిటిక్స్’ అన్న ఒకే పేరుతో ఒకచోట స్టెమ్ కోడ్, మరోచోట బిజినెస్ కోడ్ ఉండొచ్చు. ఫీజు కట్టకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగండి. మొదటి 12 నెలల ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటితే హోదా పోతుంది. ఆ తర్వాత హెచ్-1బీ (అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే వీసా) లాటరీ. కోటా ఏడాదికి 85 వేలు, అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు. లాటరీలో పేరు రాకపోయినా ఆ చదువు పనికొస్తుందా? మీ నాయనకు చెప్పాల్సిన అసలు జవాబు ఇదే.

ప్రశ్న: మావాడికి అమెరికాలో సీటు వచ్చింది. చదువు అప్పుకు పన్నెండెకరాల చేను తాకట్టు పెడతామంటే బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపినాడు. రోడ్డు పక్క భూమి, మంచి రేటు పలుకుతుంది. ఎందుకు పనికిరాదు?
– ఒక తండ్రి, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: మీ భూమి విలువలో లోపం లేదు, చట్టంలో ఉంది చిక్కు. అప్పు తీరకపోతే కోర్టుకు పోకుండా ఆస్తి వేలం వేసే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే చదువు అప్పుకు టౌన్లో ఇల్లో, ప్లాటో అడుగుతారు. వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవచ్చు గానీ, ఆగస్టు సెమిస్టరు లోపల అది తెములుతుందని నమ్ముకోకండి.

బంధువుల ఇల్లు పెట్టాలన్నా కాగితాలు ముందే చూసుకోండి. రిజిస్టరు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదు కావాలి. ఆగిపోయేది ఎక్కువగా మూడు చోట్ల: గ్రామకంఠంలో దస్తావేజు లేని ఇల్లు, అప్రూవల్ లేని లేఅవుట్ ప్లాటు, అన్నదమ్ముల మధ్య భాగపరిష్కారం కాని ఆస్తి. బ్యాంకు వాల్యుయరు వేసే ధర మార్కెట్ ధరకంటే తక్కువే ఉంటుంది, దానికి సిద్ధపడండి.

ఆస్తి లేకుండా కూడా అప్పు దొరుకుతుంది. కొన్ని బ్యాంకులు తమ జాబితాలోని యూనివర్సిటీలకు అలా ఇస్తాయి. ప్రైవేటు ఫైనాన్సు సంస్థలూ ఇస్తాయి గానీ వడ్డీ ఎక్కువ. ‘నెల రోజులు మీ ఖాతాలో డబ్బు చూపిస్తాం’ అనే మధ్యవర్తుల జోలికి మాత్రం పోవద్దు. బ్యాలెన్సు ఎక్కడిదని అడిగినప్పుడు చెప్పుకోలేక వీసా పోగొట్టుకుంటారు. కట్టే వడ్డీ మీద ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది, గరిష్ఠంగా 8 ఏళ్ళు. పాత పన్ను విధానంలో ఉంటేనే, అదీ వడ్డీకే గానీ అసలుకు కాదు.

ప్రశ్న: బీఎస్సీ జియాలజీ చివరి ఏడాది. బయట దేశాల్లో చదివితే ప్రయోజనం ఉంటుందా? మూడేళ్ళ డిగ్రీ చెల్లదంటున్నారు, నిజమేనా?
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: మీ సబ్జెక్టులో తమాషా ఏమిటంటే, చూడాల్సిన రాళ్ళు మీ ఊరి చుట్టూనే ఉన్నాయి. కడప పేరు మీద ఒక రాతి సముదాయమే ఉంది. వేంపల్లె పేరున్న పొరలోనే తుమ్మలపల్లె యురేనియం దొరికింది. మంగంపేట ముగ్గురాయి ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఫీల్డ్ వర్కు కోసం విమానమెక్కే పని లేదు. జిర్కాన్ గింజలతో రాతి వయసు కట్టే ల్యాబులు, గనుల ఇంజినీరింగ్, భూగర్భజలాల మోడలింగ్ వంటివి లోతుగా చదవాలంటే మాత్రం పోవడంలో అర్థం ఉంది. జీఎస్ఐ (కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) ఉద్యోగమే లక్ష్యమైతే ఇక్కడే ఎమ్మెస్సీ చేసి యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయడం దగ్గరి దారి.

మూడేళ్ళ డిగ్రీ చెల్లదన్నది సగం నిజం. అమెరికాలో చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ళ చదువు అడుగుతాయి. అక్కడికే అయితే నాలుగో ఏడాది ఆనర్స్ పూర్తి చేయండి. ఐరోపాలో బ్యాచిలర్ డిగ్రీ ఎక్కువగా మూడేళ్ళదే, 180 క్రెడిట్లు. వాళ్ళు ఏళ్ళకంటే జియాలజీ ఎంత చదివారన్నది చూస్తారు. ప్రతి సెమిస్టరు సిలబస్ కాపీ కాలేజీ ముద్రతో ఇప్పుడే తీసి పెట్టుకోండి, తర్వాత తిరగలేరు.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట ట్యూషన్ ఫీజు లేదు. ట్యూబింగెన్, హైడెల్‌బెర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవాళ్ళకు సెమిస్టరుకు 1,500 యూరోలు. వీసాకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మార్కుల పత్రాలు అసలువేనని తేల్చేది) తప్పనిసరి. బ్లాక్డ్ అకౌంట్లో (నెలకింత చొప్పున మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున, ముందే వేసి చూపాలి. ఏపీఎస్‌కు వారాలు పడుతుంది. అడ్మిషన్ వచ్చాక చూద్దామనుకుంటే సెమిస్టరు దాటిపోతుంది.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో ఇంటిపేరు కాలమ్ ఖాళీగా ఉంది. ఇబ్బందా?
– ఒక విద్యార్థి, ఆదోని

జవాబు: అమెరికా వీసా మీద మీ పేరంతా ఇంటిపేరు కాలమ్‌లో పడి, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. అక్కడ బ్యాంకులోనూ, డ్రైవింగ్ లైసెన్సులోనూ అదే మీ పేరై కూర్చుంటుంది. పదో తరగతి మార్కుల మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉందో, వట్టి అక్షరమే ఉందో చూసుకుని పాస్‌పోర్టు ముందు సరిచేయించండి. జీఆర్ఈకి పేరు నమోదు చేసేది ఆ తర్వాతే. పరీక్ష రోజు చూపే పాస్‌పోర్టులో పేరు తేడా ఉంటే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజూ తిరిగి రాదు.