పిల్లల వీడియోలకు మొదటి కెమెరా: 4కే ముఖ్యమా, జూమ్ ముఖ్యమా?

పిల్లల ఆటపాటలు తీయడానికి 4కే (ఫుల్ హెచ్‌డీ కన్నా స్పష్టమైన వీడియో) ఉన్నది కొనాలా, జూమ్ ఎక్కువున్నది కొనాలా అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. జూమ్‌లో ఆప్టికల్, అంటే లెన్స్‌తోనే దగ్గరగా చూపేది, ఎంతో అదే లెక్క. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేస్తుంది, అందుకే మసకబారుతుంది.

నా దృష్టిలో కొత్తవారికి అన్నిటికన్నా అవసరం ఆప్టికల్ స్టెబిలైజేషన్, అంటే కెమెరా కదలికను లెన్స్ సర్దుకునే ఏర్పాటు. అది ఉంటే పిల్లల వెనక తిరుగుతూ తీసేటప్పుడు చేతి వణుకు వీడియోలో చాలావరకు కనబడదు. రాత్రిపూట ఇంట్లో తీస్తారు కాబట్టి సెన్సర్ (వెలుతురును పట్టి బొమ్మగా మార్చే భాగం) కాస్త పెద్దదే చూడండి, చిన్నదైతే తక్కువ వెలుతురులో బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది. బయటి మైక్ పెట్టుకునే వీలుంటే వదలకండి, పసివాళ్ల ముద్దుమాటలు మళ్లీ దొరకవు.

4కే తప్పనిసరేం కాదు. అందులో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే కార్డులో గంటకు దాదాపు 45 జీబీ నిండుతుంది. ముందు ఫుల్ హెచ్‌డీలో తీయండి, అదనపు బ్యాటరీ ఒకటి తీసుకోండి.