జావా వచ్చాక ప్రోగ్రామింగ్ పారడైమ్స్ ఎందుకు?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సీ, జావా వచ్చు. ఈ సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ పారడైమ్స్, అంటే ప్రోగ్రామ్ రాసే వేర్వేరు పద్ధతుల మీద పేపర్ ఉంది. అందులో హాస్కెల్, ప్రోలాగ్ భాషలు చెబుతున్నారు. ఉద్యోగ ప్రకటనల్లో వాటి పేర్లు కనిపించడం లేదు. పాస్ మార్కుల మేరకు చదివి, ఆ సమయంలో వెబ్‌పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ నేర్చుకోవడం మంచిదా?

జవాబు: హాస్కెల్ ఉద్యోగాలు తక్కువన్న మాట నిజమే. అయితే అందులోని ఆలోచనలు మీకు వచ్చిన జావాలోకి ఎప్పుడో చేరాయి. లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు), స్ట్రీమ్‌లు (డేటాను ఫిల్టర్, మ్యాప్ లాంటి మెట్ల మీదుగా నడిపే సదుపాయం) 2014లో విడుదలైన జావా 8తోనే వచ్చాయి. రెజ్యూమెలో జావా అని రాసుకుంటే ఇంటర్వ్యూలో వాటి గురించి అడుగుతారు.

ఒక చిన్న లెక్క చూడండి. కొన్ని సంఖ్యలున్నాయి, వాటిలో సరి సంఖ్యల వర్గాల మొత్తం కావాలి. సీలో అయితే ఒక వేరియబుల్‌ను సున్నాతో మొదలుపెట్టి, లూప్‌లో ఒక్కో వర్గాన్నీ దానికి కలుపుతూ పోతారు. ఇది ఇంపరేటివ్ పద్ధతి. హాస్కెల్ పాటించే ఫంక్షనల్ పద్ధతిలో ఫిల్టర్‌తో సరి సంఖ్యలు ఏరి, మ్యాప్‌తో వర్గం చేసి, రిడ్యూస్‌తో కూడతారు. మీరు రాసిన కోడ్‌లో విలువ మారే వేరియబుల్ ఎక్కడా ఉండదు. డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో అయితే ఏం కావాలో చెప్పి ఊరుకుంటారు, ఎలా తేవాలన్నది డేటాబేస్ చూసుకుంటుంది.

విలువ మారకపోతే ఒరిగేదేమిటి అంటారా? రెండు థ్రెడ్‌లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు, ఒకే కౌంటర్‌ను పెంచుతున్నాయనుకోండి. రెండూ ఒకేసారి 5 అని చదివి, చెరో 6 రాస్తాయి. రావాల్సింది 7. ఈ బగ్ వందసార్లు నడిపినా కనబడకపోవచ్చు, ఆ తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. డేటా మారనే మారదంటే ఈ బెడద పుట్టదు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి దీన్ని మరోలా చూస్తుంది. మారే డేటాను ఆబ్జెక్ట్‌లో దాచి, మెథడ్‌ల ద్వారానే తాకనిస్తుంది. ఇన్‌హెరిటెన్స్ నిర్వచనాలు వల్లెవేసే చాలామంది ఈ అసలు సంగతి వదిలేస్తారు. అయితే థ్రెడ్‌ల గొడవ దీనితో తీరదు, ఒకసారికి ఒకే థ్రెడ్ తాకేలా లాక్ పెట్టుకోవాల్సిందే.

1972లో పుట్టిన, తర్కం మీద నడిచే ప్రోలాగ్‌కు ఒక వారం చాలు. అపెండ్ మాత్రం తప్పక నడిపి చూడండి. రెండు జాబితాలిస్తే కలుపుతుంది. కలిపిన జాబితానే ఇస్తే, దాన్ని రెండుగా విడగొట్టే దారులన్నీ చూపిస్తుంది. రాసిన కోడ్ మాత్రం ఒక్కటే.

నాలుగైదు భాషల వెంట పడొద్దు. మీరు ఇదివరకు చేసిన జావా ప్రాజెక్టులో ఒక క్లాస్ తీసుకుని, ఫీల్డ్‌లన్నీ ఫైనల్ (ఒకసారి ఇచ్చాక వేరే విలువ ఇవ్వలేనివి) చేసి తిరగరాయండి. కోడ్ ఎక్కడ తేలికైందో, ఎక్కడ మెలిక పడిందో మీకే తెలుస్తుంది. జాబితాలు ఉన్న ఫీల్డ్‌ల దగ్గర జాగ్రత్త, ఫైనల్ అన్నా లోపలి సరుకు మారుతూనే ఉంటుంది.

రియాక్ట్ సెమిస్టర్ సెలవుల్లో మొదలుపెట్టండి. అక్కడ స్టేట్‌ను, అంటే తెర మీద ఏం కనిపించాలో నిర్ణయించే డేటాను, నేరుగా మార్చకూడదు, కొత్త కాపీ ఇవ్వాలి. ఈ పేపర్ శ్రద్ధగా చదివినవారికి ఆ నియమం ఎందుకని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.