పాఠకుల ప్రశ్నలు: ఈ వ్యాసాన్ని చదివి ఒప్పుకున్నది ఎవరు?

ప్రశ్న: విశాఖపట్నంలో చరిత్ర విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉత్తరాంధ్ర స్త్రీ కార్మికుల చరిత్ర నా అంశం. అన్ని శాస్త్రాల వ్యాసాలూ వేసే ఒక పత్రిక నుంచి ఆహ్వానం వచ్చింది. రుసుము కడితే వారం రోజుల్లో వ్యాసం అచ్చువేస్తామంటున్నారు. వారు పంపిన సంచికలో స్త్రీల శ్రమ గురించిన వ్యాసం పక్కనే పంటి ఇంప్లాంట్లకు (పోయిన పన్ను బదులు దవడ ఎముకలో అమర్చేవి) వాడే పదార్థాల మీద వ్యాసం ఉంది. అక్కడ ప్రచురించవచ్చా?
– రీసెర్చ్ స్కాలర్, చినవాల్తేరు

జవాబు: ఆ రెండు వ్యాసాలు ఒకే సంచికలో ఉన్నంత మాత్రాన పత్రికను తప్పుపట్టలేము. స్త్రీల శ్రమకూ దంతవైద్యానికీ మన తీరంలోనే నిజమైన సంబంధం ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ముఖ్యంగా ఆడవారిలో ఉండేది. దానివల్ల అంగిలి మీద వచ్చే మచ్చలను, పుండ్లను, క్యాన్సర్‌ను పరిశీలించడానికి పిండ్‌బోర్గ్, మెహతా తదితర పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 10 వేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. అంగిలికి ఏమైందో దంతవైద్యుడు చెప్పగలడు. ఆడవారు చుట్టను అలా ఎందుకు తిప్పి పెట్టుకున్నారో తెలియాలంటే మాత్రం వారు గాలిలో, నీటిలో, రెండు చేతులూ ఖాళీ లేకుండా చేసిన పనుల గురించి అడగాలి. మీ వంటి చరిత్ర విద్యార్థికి అక్కడ చేయవలసిన పని చాలా ఉందని నా నమ్మకం.

నాకు అభ్యంతరం వారం రోజుల గడువు దగ్గర వస్తుంది. మీ వ్యాసాన్ని కార్మిక చరిత్ర తెలిసినవారు చదివితే, ఏ దస్తావేజు చూశారు, అది ఎవరు ఎందుకోసం రాయించినది, అందులో లెక్కకు రాని వారెవరు అని అడుగుతారు. ఇంప్లాంట్ వ్యాసాన్ని ఆ శాస్త్రం తెలిసినవారు చదివితే, ఎంతమంది రోగులను ఎన్నేళ్లు గమనించారు, మధ్యలో రాకుండా పోయినవారిని ఏ లెక్కలో వేశారు అని అడుగుతారు. ఆ ప్రశ్నలు పంపి, మీ జవాబులు తెప్పించుకుని, మళ్లీ చదవడానికి నెలలు పడుతుంది. వారంలో అచ్చయ్యే వ్యాసాన్ని ఆ విధంగా ఎవరూ చదివి ఉండరు. పత్రిక అట్ట మీది ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్యను చూసి కూడా ధైర్యపడకండి. అది పత్రికను గుర్తించడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు.

తొందరపడవలసిన అవసరం కూడా మునుపటంత లేదు. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 నియమావళిలో తొలగించింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకున్న నియమం ఏదైనా ఉందేమో విభాగంలో అడిగి తెలుసుకోండి. యూజీసీ తాను గుర్తించిన పత్రికల జాబితాను, అంటే కేర్ జాబితాను, 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, మంచి పత్రికను ఎంచుకునే పనిని విద్యాసంస్థలకే వదిలింది కాబట్టి, ఆ జాబితాలో ఉన్నామని చెప్పుకునే పాత ప్రకటనలను ఇప్పుడు పట్టించుకోనవసరం లేదు. మీరు ఎవరి పరిశోధన చదివి నేర్చుకున్నారో వారి వ్యాసాలు ఏ పత్రికల్లో వచ్చాయో చూసి, వాటిలో ఒకదానికి పంపండి.

ప్రశ్న: మా మామ్మ పెళ్లయిన నాటి నుంచి చాలా ఏళ్లు జూట్ మిల్లులో గోనె సంచులు కుట్టింది. ఆమె కథ రాయాలనుకుంటే, పనిచేసినట్టు ఇంట్లో ఒక్క కాగితమూ లేదు. ముసలివారి జ్ఞాపకాన్ని చరిత్ర అని ఎవరైనా ఒప్పుకుంటారా?
– ఒక పాఠకురాలు, తగరపువలస

జవాబు: తప్పకుండా ఒప్పుకుంటారమ్మా. కాగితం లేకపోవడమే ఆమె చరిత్రలో ఒక భాగం. బెంగాల్ జూట్ మిల్లుల స్త్రీల మీద సమితా సేన్ వంటి చరిత్రకారులు చేసిన పరిశోధనలో కనిపించేదేమంటే, నార సిద్ధం చేయడం, సంచులు చేత్తో కుట్టడం వంటి పనులే స్త్రీల చేతికి వచ్చేవి. ఆ మిల్లులకు మన గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి కుటుంబాలతో సహా వెళ్లినవారు ఉన్నారు. రంగం (బర్మాలోని రంగూన్) వలస వేరు. అక్కడికి ఓడ ఎక్కినవారిలో మగవారే చాలా ఎక్కువ, ఊళ్లో మిగిలిన భార్యలు పొలం పనీ అప్పుల భారమూ మోశారు. ఓడ ఎక్కినవారి లెక్క రేవులో రాసుకున్నారు గాని, వెనుక మిగిలినవారి పనిని ఎవరూ రాసుకోలేదు.

ప్రభుత్వ లెక్కలు కూడా ఇలాగే మోసం చేస్తాయి. 1961తో పోల్చితే 1971 జనాభా లెక్కల్లో పనిచేసే స్త్రీల శాతం సగం వరకూ పడిపోయినట్టు కనిపిస్తుంది. పదేళ్లలో దేశంలోని ఆడవారందరూ పని మానుకుని కూర్చోలేదు. మనిషి ముఖ్యంగా చేసే పనేమిటని ఆ ఏడాది ముందుగా అడిగారు. ఇంటిపని అని చెప్పిన స్త్రీ కలుపు తీసినా, సంచులు కుట్టినా చాలావరకు పనివారి లెక్కలోకి రాలేదు. మీ మామ్మగారు ఆ రోజున గణకుడికి ఏం చెప్పారో, అసలు ఆమెనే అడిగారో లేక ఇంట్లో మగవారిని అడిగి రాసుకుపోయారో తెలుసుకోండి.

ఆమెను అడిగేటప్పుడు సంవత్సరాలు అడగకండి. ఏ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు ఏ పని చేసేవారు, కూలి సంచుల లెక్కన ఇచ్చారా రోజు లెక్కనా, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లేది, పనికి వెళ్లినప్పుడు పసిబిడ్డను ఎవరి దగ్గర వదిలారు అని అడగండి. చివరి ప్రశ్న చాలా విలువైనది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 50 మందికి పైగా స్త్రీలు ఉన్న చోట పిల్లల గది ఉండాలన్న నియమం ఉండేది. 1976 సవరణతో ఆ సంఖ్య 30కి తగ్గింది. పిల్లల గది లేదని ఆమె అంటే, హాజరు పట్టీలో స్త్రీల సంఖ్య ఎంత చూపించారన్నది వెంటనే వెతకవలసిన విషయమవుతుంది. అక్కడి నుంచి మీరు కాగితాల వైపు వెళ్లవచ్చు. మద్రాసు రాష్ట్రపు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల వార్షిక నివేదికలు, 1929లో ఏర్పడి 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ లేబర్ కమిషన్ సాక్ష్యాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ పుస్తకాలు, యూనియన్ కరపత్రాలు చూడండి. ఆమె మాటకూ కాగితానికీ పొంతన కుదరని చోట, వెంటనే కాగితాన్నే నమ్మకండి. రెండింటినీ పక్కపక్కన రాసి, తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి. 1980లలో హైదరాబాద్‌లోని ‘స్త్రీశక్తి సంఘటన’ అనే స్త్రీవాద బృందం సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను నమోదు చేసినప్పుడు, నాయకుల జ్ఞాపకాల్లో లేని పోరాటం ఒకటి బయటపడింది.

ప్రశ్న: కింది దవడ పన్ను పోయింది. ఇంప్లాంట్ వేయించుకోమన్నారు. టైటానియం ఒక ధర, జిర్కోనియా ఇంకా ఎక్కువ ధర అంటున్నారు. ఏది మంచిది? ఈ రెండూ మన భీమిలి ఇసుకలోనే ఉన్నాయని మా మనవడు అంటున్నాడు, నిజమేనా?
– విశ్రాంత ఉద్యోగి, గాజువాక

జవాబు: మనవడు చెప్పింది నిజమే. భీమిలి తీరపు నల్ల ఇసుకలో ఇల్మెనైట్, జిర్కాన్ ఖనిజాలు ఉన్నాయి. మొదటి దాని నుంచి టైటానియం, రెండో దాని నుంచి జిర్కోనియా వస్తాయి. అయితే ఇసుకకూ మీ దవడకూ మధ్య చాలా రసాయన ప్రక్రియ ఉంది.

టైటానియాన్ని ఎముక స్వీకరిస్తుందన్న సంగతి స్వీడన్ శాస్త్రవేత్త బ్రానెమార్క్‌కు 1952లో అనుకోకుండా తెలిసింది. కుందేలు ఎముకలో పరిశీలన కోసం అమర్చిన టైటానియం పరికరాన్ని బయటికి తీయబోతే, ఎముక దానికి అతుక్కుపోయి ఊడిరాలేదు. 1965లో ఆయన మొదటి రోగికి ఇంప్లాంట్లు వేశారు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, అంటే 40 ఏళ్లకు పైగా, అవి నిలిచాయి. గాలి తగలగానే టైటానియం మీద ఏర్పడే అతి పల్చని ఆక్సైడ్ పొర లోహాన్ని తుప్పు పట్టకుండా కాపాడుతుంది, ఆ పొర మీదనే ఎముక పెరుగుతుంది.

జిర్కోనియా పింగాణీ వంటి తెల్లని పదార్థం. ముందు పళ్ల దగ్గర చిగురు పల్చగా ఉన్నవారికి లోహపు బూడిద ఛాయ కనిపించదన్నది దాని ప్రధాన ప్రయోజనం. లోహం పడదనుకునేవారు కూడా దీన్ని కోరుకుంటారు. దృఢత్వంలో, అంటే వంగకుండా నిలిచే గుణంలో, గట్టి ఎముక 10 నుంచి 20 గిగాపాస్కల్ (ఆ గుణానికి కొలమానం), టైటానియం 100 పైచిలుకు, జిర్కోనియా 200 పైచిలుకు ఉంటాయి. పింగాణీ లోహంలా వంగదు, హద్దు దాటితే విరుగుతుంది. పైగా ఏళ్ల తరబడి తడిలో ఉంటే దాని స్ఫటిక రూపం నెమ్మదిగా మారే గుణం ఉంది. తయారీదారులు దీన్ని తగ్గించడానికి కృషి చేస్తూనే ఉన్నారు. టైటానియానికి ఉన్నంత సుదీర్ఘమైన అనుభవం జిర్కోనియాకు ఇంకా లేదు.

మీది కింది దవడ పన్ను అన్నారు. నమిలే బరువు పడే చోటైతే, వెలుపలికి పెద్దగా కనిపించని పంటికి ఎక్కువ ధర పెట్టి తెలుపును కొనవలసిన కారణం నాకు కనిపించడం లేదు. అయితే ఎముక మందం, మీ ఆరోగ్యం చూసిన వైద్యుడి మాటే చివరిది. పదార్థం కంటే ముందు మీ చక్కెర అదుపులో ఉందా, చుట్ట, బీడీ, సిగరెట్ మానారా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా అన్నవి చూసుకోండి. ఇంప్లాంట్లు వదులు కావడానికి ఇవి పెద్ద కారణాలు. టైటానియం అన్నప్పుడు శుద్ధ టైటానియమా, అల్యూమినియం, వెనేడియం కలిసిన మిశ్రలోహమా అని కూడా అడగండి, అడిగితే చెప్పవలసిన విషయమే. ఇంప్లాంట్ పెట్టె మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని ఎక్స్‌రేలతో పాటు దాచుకోండి. పదేళ్ల తర్వాత లోపలి స్క్రూ మార్చవలసి వచ్చి మరో ఊళ్లో మరో వైద్యుడి దగ్గరికి వెళితే, ఏ సైజు పనిముట్టు వాడాలో ఆ స్టిక్కర్ చూసే ఆయనకు తెలుస్తుంది.