సమ్మెకు వెళ్తే వీసా పోతుందా?

ప్రశ్న: నేను బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీలో లెక్చరర్‌ని. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. పెన్షన్ తగ్గించే మార్పులకు వ్యతిరేకంగా యూనియన్ సమ్మెకు పిలుపునిచ్చింది. తర్వాత పేపర్లు దిద్దడం కూడా మానేయాలంటోంది. సమ్మె చేస్తే వీసా పోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. పాఠాలు చెబుతూ పేపర్లు దిద్దకపోతే చాలు, జీతానికి ఢోకా లేదంటున్నారు తోటివాళ్లు. నిజమేనా?

జవాబు: మీ ఇంట్లోవాళ్ల భయానికి ఆధారం లేకపోలేదు. ఏడాదిలో 4 వారాలకు మించి జీతం లేకుండా పనికి దూరమైతే స్పాన్సర్‌షిప్‌కు, అంటే మీ వీసాకు ఆధారమైన యూనివర్సిటీ పూచీకి, ఇబ్బంది వస్తుంది. యూనివర్సిటీ అధ్యాపకుల పెన్షన్ పథకం యూఎస్ఎస్ మీద 2018లో 14 రోజుల సమ్మె జరిగినప్పుడు విదేశీ అధ్యాపకులను ఇదే కలవరపెట్టింది. ఆ ఏడాదే వీసాలు చూసే బ్రిటన్ హోం ఆఫీస్ నిబంధన మార్చింది. చట్టబద్ధమైన సమ్మె రోజులు ఆ 4 వారాల లెక్కలోకి రావు. చట్టబద్ధం అంటే యూనియన్ సభ్యుల చేత ఓటు వేయించి, యాజమాన్యానికి ముందుగా నోటీసు ఇచ్చి చేసేది. అలాంటి సమ్మెలో పాల్గొన్నారని ఉద్యోగం తీసేస్తే 1992 నాటి చట్టం అడ్డుపడుతుంది.

సమ్మె రోజుల జీతం మాత్రం పోతుంది. ఎంత పోతుందన్న దగ్గరే తగాదా. ఏడాదికి 45,000 పౌండ్లు వస్తుంటే, 365తో భాగిస్తే రోజుకు సుమారు 123 పౌండ్లు, 260 పనిదినాలతో భాగిస్తే 173. ఒక కాలేజీ టీచర్ల కేసులో 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు 365తోనే లెక్కించమంది. కాంట్రాక్టులో వేరే లెక్క రాసి ఉంటే అదే చెల్లుతుంది కాబట్టి ముందు అది తీసి చదవండి.

ఇక పేపర్ల సంగతి. మీ తోటివాళ్లు పొరబడ్డారు. నా దృష్టిలో సమ్మె కన్నా ఇదే ప్రమాదం. సగం పని చేస్తే సగం జీతమైనా ఇవ్వాలి కదా అనిపిస్తుంది, కానీ అక్కడి న్యాయస్థానాలు అలా చూడలేదు. 'అరకొర పని మాకు అక్కర్లేదు' అని యాజమాన్యం ముందే స్పష్టంగా చెబితే, మీరు రోజూ క్లాసులు తీసుకున్నా జీతం మొత్తం ఆపేయవచ్చు. 2023లో పేపర్లు దిద్దని అధ్యాపకులకు కొన్ని యూనివర్సిటీలు సగం, కొన్ని పూర్తి జీతం కోశాయి. అదీ ఒకటి రెండు రోజులకు కాదు, దిద్దని రోజులన్నిటికీ. అందుకే హెచ్‌ఆర్ నుంచి వచ్చే ప్రతి మెయిల్ దాచుకోండి. ఎంత కోస్తారో, ఏ తేదీ నుంచో అందులోనే ఉంటుంది.

సమ్మెకు వెళ్తున్నట్టు మీ అంతట మీరు ముందుగా చెప్పనక్కర్లేదు. తర్వాత అడిగితే మాత్రం దాచకండి.