సుపీరియర్ అంటే శ్రేష్ఠమా, మేలా?

సందేహం: ‘సుపీరియర్’ అన్న ఇంగ్లీషు మాటను తెలుగులో ఏమనాలి? ఒక బియ్యం బస్తా మీద ‘అన్నిటికంటే అత్యంత శ్రేష్ఠతమమైన’ అని చూశాను. అది సరైన వాడుకేనా?

సమాధానం: ఆఫీసులో అయితే పై అధికారి, సరుకైతే మేలురకం, న్యాయస్థానమైతే పై కోర్టు. వీటిలో పేచీ లేదు.

రెండిటిని పోల్చి ఒకటి గొప్పదనాలంటే మాత్రం మనకు ‘మేలు’ ఉండగా ఇంకోటి వెతకడం దేనికి? ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అనగానే అందరూ రాయలవారి ఆముక్తమాల్యద అంటారు, కానీ అంతకుముందే వినుకొండ వల్లభరాయుడి పేరు మీదున్న క్రీడాభిరామంలో ఆ మాట ఉంది. ‘జనని సంస్కృతంబు’ అని మొదలయ్యే ఆ పద్యం చివరిదాకా చదివేవాళ్లే తగ్గిపోయారు, అసలు రుచి అక్కడుంది: ‘జగతిఁ దల్లికంటె సౌభాగ్యసంపద మెచ్చుటాఁడుబిడ్డ మేలుగాదె’. సంస్కృతాన్ని తల్లి అని ఒప్పుకుంటూనే కూతురే మేలు అనేశాడు, ఎంత ధైర్యం! పైగా వ్యాకరణం ఎంత చక్కగా కుదిరిందో చూడండి. చాలావాటిలో ఒకదాన్ని ఎంచేటప్పుడు ‘అందు లెస్స’, ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టినప్పుడు ‘కంటె మేలు’. సంస్కృతంలో ఇద్దరిలో మేలైనదానికి చేర్చే ‘తర’, అందరిలో మేలైనదానికి చేర్చే ‘తమ’ ప్రత్యయాల అవసరమే రాలేదు. ‘గుడ్డికన్నా మెల్ల మేలు’ అనే ఇంట్లో ముసలమ్మదీ ఇదే తెలుగు.

ఇక శ్రేష్ఠం. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘ప్రశస్యస్య శ్రః’ అని సూత్రం చేశాడు, అంటే పొగడదగినదని అర్థమున్న ప్రశస్య శబ్దానికి బదులు ‘శ్ర’ వస్తుంది. దాన్నుంచి ఇద్దరిలో మేలైనదానికి శ్రేయస్, అందరిలో మేలైనదానికి శ్రేష్ఠ. కచ్చితంగా చూస్తే మీ సుపీరియర్‌కి సంస్కృతంలో సరిజోడు శ్రేయస్సే. గీతలో ‘శ్రేయాన్ స్వధర్మో విగుణః’ (లోపమున్నా స్వధర్మమే మేలు) అన్నది ఆ అర్థంలోనే, మనం ఆ మాటని క్షేమానికి, సంక్షేమానికి అప్పగించేశాం. శ్రేష్ఠలోనే ‘అందరిలో’ అన్న అర్థం ఉన్నప్పుడు దానికి ‘తమ’ చేర్చి, ముందు ‘అత్యంత’ పెట్టి, ఆపైన ‘అన్నిటికంటే’ కూడా అనడం ఏం పద్ధతి? ఈ ప్రకటనలు రాసేవాళ్లకి ఒక్క విశేషణం మీద నమ్మకం లేకుండా పోయింది.

అలాగని ‘శ్రేష్ఠతమ’ను తప్పని కొట్టేయలేను, యజుర్వేదం మొదట్లోనే ‘శ్రేష్ఠతమాయ కర్మణే’ అని ఉంది. అక్కడ చెప్పింది యజ్ఞకర్మ గురించి. బియ్యానికి ‘మేలురకం’ చాలు. అందరిలో మేలైన ‘ఉత్తమ’కే ‘అతి’ తగిలించిన ‘అత్యుత్తమ’లోనూ ఇదే రెట్టింపు ఉంది గానీ అది జనం నోట బాగా నలిగింది, వాడితే అభ్యంతరం చెప్పను, నేనైతే రాయను.