జీతం ఉందన్న ధీమాతో బజ్జీల బండికి అప్పు చేయకండి

ప్రశ్న: నా వయసు 36. విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో లెక్కలు రాస్తాను. నెల జీతం 27,000. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చులు కలిపి 22,000 అవుతాయి. బ్యాంకులో 90,000 ఎఫ్‌డీ ఉంది, కొద్దిగా బంగారం ఉంది. సాయంత్రాలు ఖాళీయే కాబట్టి పటమటలో పునుగులు, మిరపకాయ బజ్జీల బండి పెట్టాలనుకుంటున్నాను. మొత్తం 2,40,000 కావాలి: బండికి 80,000, పొయ్యి, మూకుళ్లు, సిలిండర్లకు 35,000, ఇప్పుడు అక్కడ బండి నడుపుతున్నాయన స్థలం ఖాళీ చేసి ఇచ్చినందుకు 60,000, బజ్జీలు వేసే మాస్టరుకు అడ్వాన్సు 35,000, సరుకుకూ లైట్లకూ 30,000. ఎఫ్‌డీ తీసేసి, బంగారం మీద 90,000, రోజువారీ ఫైనాన్సులో 60,000 తెద్దామని ఆలోచన. రోజుకు 3,000 అమ్మకం ఉంటే 1,350 మిగులుతుందని బండి నడిపే మా బంధువు చెప్పాడు. జీతం ఎలాగూ వస్తుంది కాబట్టి భయం లేదనుకుంటున్నాను. స్థలం ఇచ్చే ఆయన నెలాఖరులోగా మాట చెప్పమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట రోజువారీ ఫైనాన్సు కాదు, దాని సంగతికి తర్వాత వస్తాను. ‘జీతం ఎలాగూ వస్తుంది’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట చిన్న వ్యాపారం మొదలుపెట్టేవారిలో చాలామంది సరిగ్గా ఈ మాట మీదే లెక్కంతా కడతారు. జీతం ఉంది కనుక అత్యవసర నిధి అక్కర్లేదనుకుని, దాచుకున్న డబ్బంతా వ్యాపారంలో దింపేస్తారు. అలా చేసిన రోజు నుంచీ వారి జీతమే బండికి అత్యవసర నిధిగా మారిపోతుందనీ, ఆ తర్వాత ఇంటికంటూ ఏ నిధీ మిగలదనీ వారికి తట్టదు.

రెండు ఆదాయాలు ఉంటే ఒకటి ఆగినా రెండోది ఆదుకుంటుందని మీరు భావిస్తున్నారు. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు చోట్ల పనిచేస్తున్నప్పుడు ఆ మాట చాలావరకు నిజమవుతుంది. మీ విషయంలో పగలు దుకాణంలో కూర్చునేదీ, సాయంత్రం బండి దగ్గర నిలబడేదీ ఒక్కరే. మీకు డెంగీ వచ్చి పదిహేను రోజులు మంచం పడితే దుకాణంలో జీతం కోత పడుతుంది, అదే పదిహేను రోజులూ బండీ మూతపడుతుంది, అదే పదిహేను రోజుల్లో ఆసుపత్రి బిల్లు వస్తుంది. మూడు దెబ్బలూ ఒకేసారి తగిలే ఏర్పాటును రెండు ఆదాయాల భద్రత అని పిలవడం సరికాదు.

ఊరికి వచ్చే ఆపదలూ అంతే. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన సంగతి మీకు నేను గుర్తు చేయనవసరం లేదు. ఆ వారంలో పనికి వెళ్లే దారి లేక కూలి పోయినవారూ, బియ్యం, పొయ్యి, ద్విచక్రవాహనం నీళ్లలో మునిగిపోయినవారూ, ఇల్లు శుభ్రం చేసుకోవడానికి చేతిలో వెయ్యి రూపాయలైనా లేనివారూ చాలావరకు ఒక్కరే. మీరు బండి పెట్టాలనుకునేది పటమటలో కాబట్టి ఆ నీళ్లు అక్కడిదాకా వచ్చి ఉండకపోవచ్చు. అయినా తోపుడు బండి వ్యాపారానికి వరదే రానక్కర్లేదు. వాన చినుకులు పడితే బజ్జీల మీదికి మనసు పోతుందన్నది నిజమే గాని, ఆ చినుకులు జోరు వానగా మారితే బండి దగ్గర నిలబడేవారు ఉండరు, నానబెట్టిన మినప్పప్పు, కలిపిన శనగపిండి మాత్రం మర్నాటికి పనికిరాకుండా పోతాయి.

అందుకే నేను ఏ చిన్న వ్యాపారి వచ్చినా మొదట ఒకే ప్రశ్న అడుగుతాను: రేపటి నుంచి ఒక్క రూపాయి రాకపోతే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? మీ ఇంటికి నెలకు 22,000 కావాలి కనుక ఆరు నెలలకు 1,32,000 ఉండాలి. మీ దగ్గరున్న 90,000 నాలుగు నెలలకు సరిపోతుంది. మీ జీతంలో ఇది సాధించడం చిన్న విషయం కాదు, ఎంతో క్రమశిక్షణతో కూడబెట్టిన సొమ్ము అది. దాన్ని పెట్టుబడి అని పిలవకండి, బండికి ముట్టుకోకండి. మిగిలిన 42,000 పోగయ్యేదాకా నెలనెలా మిగిలే 5,000 అక్కడికే వెళ్లాలి. తొమ్మిది నెలలు పడుతుందని మీకు ఆలస్యంగా అనిపిస్తుందని తెలుసు, అయినా ఈ ఒక్క విషయంలో నేను సడలింపు ఇవ్వలేను. ఎఫ్‌డీ ఒక్కటిగా ఉంటే చిన్న అవసరానికి కూడా మొత్తం తీయాల్సి వస్తుంది. కాబట్టి గడువు తీరినప్పుడు దాన్ని ముప్పై వేల చొప్పున మూడుగా విడగొట్టి, మీరు, మీ శ్రీమతి ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేలా ఉమ్మడి పేర్ల మీద వేయండి. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ సంతకం కోసం ఆమె ఎదురుచూడాల్సిన పరిస్థితి రాకూడదు.

ఇది ఇంటి నిధి. బండికి వేరే నిధి ఉండాలి. మీరు రాసిన అమ్మకానికి సరుకు, గ్యాసు, పొట్లాలు, మాస్టరు కూలి కలిపి రోజుకు సుమారు 2,250 ఖర్చవుతుంది. పది రోజులు గిరాకీ లేకపోయినా తట్టుకోవాలంటే 22,500 పక్కన ఉండాలి. మీ 2,40,000 లెక్కలో దీనికి ఒక్క రూపాయీ కేటాయించలేదు. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు, బండి ఖరీదును రూపాయితో సహా లెక్కవేసేవారు కూడా మూడో వారంలో సరుకు దేనితో తెస్తారో రాసుకోరు.

ఇప్పుడు అప్పుల సంగతి. మీ బంధువు చెప్పిన 1,350 మిగులులో మాస్టరు రోజుకూలి కనిపించడం లేదు. సరుకుకు 1,300, గ్యాసుకు 200, ప్లేట్లకూ పొట్లాలకూ 150 పోతే మిగిలేది 1,350. మీరిచ్చే 35,000 అడ్వాన్సు కూలిలోంచి కొద్దికొద్దిగా కోసుకోవడానికే గాని కూలికి బదులు కాదు. మాస్టరుకు రోజుకు 600 ఇస్తే మీకు మిగిలేది 750. నెలలో 26 రోజులు బండి పెట్టగలిగితే 19,500. రోజువారీ ఫైనాన్సులో 60,000 అని కాగితం మీద రాసి, 9,000 ముందే పట్టుకుని, 51,000 చేతిలో పెట్టి, రోజుకు 600 చొప్పున నూరు రోజులు వసూలు చేయడం మన ఊళ్లో నడిచే పద్ధతి. ఆ కోతతోనే మీ అంచనాలో 9,000 లోటు పడింది, మీరు గమనించలేదు. వసూలు చేసే మనిషికి వాన రోజు, సెలవు రోజు అన్న తేడా ఉండదు కనుక నెలకు 18,000 కట్టాలి. మిగిలిన 1,500లో బంగారం మీద రూపాయి వడ్డీ అనుకున్నా 900 పోతే, నెలంతా రాత్రి పదిన్నర దాకా నూనె పొగలో నిలబడినందుకు మీకు దక్కేది 600 రూపాయలు. ఇది 3,000 అమ్మకం ప్రతిరోజూ జరిగితే వచ్చే లెక్క. కొత్త బండికి మొదటి నెలలో 2,200 అమ్మకమే జరిగిందనుకోండి, మిగులు రోజుకు 400కు పడిపోతుంది, వాయిదాలకూ వడ్డీకీ నెలకు 8,500 దాకా జీతంలోంచి తీయాలి. మీ జీతంలో మిగిలేది 5,000.

నూరు రోజుల్లో 9,000 అంటే పదిహేను శాతమే కదా అనుకోవద్దు. మీరు మొదటి రోజు నుంచీ అసలు తీరుస్తూనే ఉంటారు కాబట్టి సగటున మీ చేతిలో ఉండేది పాతిక వేల పైచిలుకే. ఆ ప్రకారం చూస్తే ఇది నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. పది రూపాయల వడ్డీని తీర్చగల లాభం బజ్జీల బండి మీద రాదు. 2015 డిసెంబరులో అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు, ఖాళీ చెక్కులూ ప్రామిసరీ నోట్లూ చేతిలో పెట్టుకుని అప్పు తీర్చలేని కుటుంబాలను ఎంతగా వేధించారో ఈ నగరం కళ్లారా చూసింది. అది జరిగిన ఊళ్లోనే ఉంటూ, లెక్కలు రాసే వృత్తిలో ఉన్న మీరు మళ్లీ అదే గుమ్మం తొక్కుతానంటే నాకు బాధగానూ ఉంది, కోపంగానూ ఉంది. దయచేసి ఆ మనిషికి ఫోను కూడా చేయకండి. బంగారం అప్పు దానికంటే చౌకే గాని, ఏడాది చివర 90,000 అసలు ఎక్కడినుంచి తెస్తారో మీ ఉత్తరంలో లేదు. దాన్నీ పక్కన పెట్టండి.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000 జీతమే కనుక మీరు దాని పరిధిలో ఉండరు. మరుగుతున్న నూనె పక్కన రోజూ నాలుగు గంటలు నిలబడబోయే మనిషి, నలుగురు సభ్యుల కుటుంబానికి బీమా లేకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు కాబట్టి వాయిదా వేయడానికి ఆ సాకు కూడా మిగల్లేదు. ఇవి కాక, ప్రమాద బీమా అయిన ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా అయిన జీవన్ జ్యోతికి 436 రూపాయలు. ఈ రెండూ ఈ వారమే మీ బ్యాంకు ఖాతా నుంచి కట్టేలా చూడండి. అయితే ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు కడుతుంది గాని ఆ నెల ఇంటద్దె కట్టదు, అందుకే నిధి మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాను.

వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి రుణం మొదటి విడత 15,000, వడ్డీ రాయితీ కూడా ఉంది, మీరు దాని గురించి ఆలోచించే ఉంటారు. కానీ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపార ధ్రువపత్రం తీసుకునే వ్యక్తి తనకు వేరే జీవనాధారం లేదని రాసివ్వాలి. జీతం తీసుకుంటూ ఆ మాట మీరు రాసివ్వలేరు, రాసివ్వకూడదు కూడా. మీ శ్రీమతి నిజంగా తానే బండి నడపదలిస్తే, ఆమెకు వేరే సంపాదన లేకపోతే, ఆమె పేరున నగరపాలక సంస్థలో అడగవచ్చు. పేరు ఆమెది, పని మీది అయితే అది కూడా సరైన దారి కాదు.

బజ్జీల వ్యాపారమే వద్దని నేను చెప్పడం లేదు. మీలో ఆ నేర్పు ఉందో లేదో, మీ పునుగుల కోసం మనిషి రెండోసారి వస్తాడో లేదో ముందు తేల్చుకోండి. దానికి 2,40,000 అక్కర్లేదు. ఇంటి యజమాని ఒప్పుకుంటే మీ గుమ్మం ముందే ఒక బల్ల వేసి, పొయ్యీ మూకుడూ టెంట్‌హౌసులో అద్దెకు తెచ్చి, ఇంటి సిలిండరు కాకుండా విడిగా దొరికే 5 కిలోల సిలిండరు తీసుకుని, ఆదివారం సాయంత్రాలు మాత్రమే మొదలుపెట్టండి. చిన్న ఆహార వ్యాపారులు చేయించుకునే నమోదుకు రుసుము స్వల్పమే కాబట్టి అది ముందే చేయించండి, మీ యజమానికి కూడా ముందే చెప్పండి. మాస్టరు వద్దు, మీరిద్దరే వేయండి. మొత్తం ఖర్చు ఒక నెల మిగులైన 5,000 దాటకూడదు. అమ్మకం డబ్బుకు వేరే డబ్బా, వేరే పుస్తకం పెట్టండి. ఇంట్లో పాలకో కూరగాయలకో ఆ డబ్బా తెరిచారంటే మీకు లాభం ఎంతో ఎప్పటికీ తెలియదు. పన్నెండు ఆదివారాల పుస్తకం ఉంటే, బంధువు చెప్పిన 3,000 మీ వీధిలో ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది. అందులో మిగిలేది తిన్నగా అత్యవసర నిధిలో వేస్తే, ఆ తొమ్మిది నెలలు ఆరో ఏడో కావచ్చు. నిధి నిండిన తర్వాత పాత బండి కోసం వెతకండి, అదీ చేతిలో ఉన్న డబ్బుతోనే.

ఇక నెలాఖరులోగా మాట చెప్పాల్సిన 60,000 సంగతి. వీధి వ్యాపార ధ్రువపత్రాన్ని అద్దెకు గాని మరే రూపంలో గాని ఇంకొకరికి బదలాయించనని దాన్ని పొందేవారే హామీ ఇస్తారు. కాబట్టి ఆయన దగ్గర ధ్రువపత్రం ఉన్నా మీకు అమ్మలేరు, లేకపోతే అమ్మడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. రేపు అధికారులు వచ్చి బండి తీయమంటే చూపించడానికి మీ చేతిలో కాగితం ఉండదు, ఆయన ఊళ్లో ఉంటారన్న నమ్మకమూ లేదు. నెలాఖరు దాకా ఆగకుండా ఈరోజే ఆయనకు ఫోను చేసి, ఆ స్థలం మీకు అక్కర్లేదని మర్యాదగా చెప్పేయండి. అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే, అది తిరిగి ఇచ్చే తేదీని కాగితం మీద రాయించుకోండి.